చారు ముద్ద

జహ్రాలో మా మేడం ఇంట్లో
శుక్రవారం మధ్యాన్నం పళ్ళెం చూడాల మీరు.
ఇద్దరు మోస్తేగాని లేవదు.
మచ్బూసు అన్నం, దాని మీద పొట్టేలు తొడ,
దాని మీద వేయించిన ఎర్రగడ్డలు, ఎండుద్రాక్ష.
పదిహేడు మంది చుట్టూ కూచుంటారు.
నాలుగేండ్ల మిషారి మాత్రం
దాంట్లో వేలు కూడా పెట్టడు.
వంటింటి గడపలోకి వచ్చి
నా నైటీ కొస పట్టుకుంటాడు.
"ఊబా, చారు."

అలవాటు చేసింది నేను కాదు, జరం.
పోయిన చలికాలం మూడు దినాలు
ఏం పెట్టినా కక్కినాడు.
డాక్టరు రాసిచ్చిన తీపినీళ్ళు,
జేజి చదివి ఊదిన నీళ్ళు,
కడాకి చాక్లెట్టు కూడా.
ఆ రాత్రి నాకోసమని చేసుకుంటా ఉన్న్యా,
ఫర్వానియాలో కొన్న చింతపండు, నాలుగు మిరియాలు,
చిదిమిన తెల్లగడ్డ, ఇంత ఇంగువ.
తిరగవాత చిటపటకి పక్క మీంచి లేచొచ్చి
పొయ్యికాడ నిలబడినాడు.
అన్నం మెత్తగా పిసికి, ఊది,
మూడు ముద్దలు పెట్టినా.
నిలిచింది.

జేజి చింతపండు చేతిలోకి తీసుకుని
"తమర్ హిందీ" అనింది. మీ దేశం ఖర్జూరం.
రంజానుకి చక్కెరేసి షర్బతు చేసుకుంటారంట.
దాంట్లో మిరియాలేంది, ఈ కంపేంది అని
ముక్కు మూసుకునింది.
ఇప్పుడు ఆమెకీ ఒక గ్లాసు.
ఎవరూ చూడకుండా.

నా చిన్నప్పుడు నీకేది ఇష్టమని ఎవరడిగినారు?
సద్ది సంగటి, చెనిక్కాయల ఊరిబిండి.
అది ఇష్టం కాదు. అది పొద్దున.
శెట్టమ్మోళ్ళ ఇంటి ఇడ్లీ వాసనకి
గోడ పట్టుకుని ఏడ్సినదాన్ని.
ఇప్పుడు ఒళ్ళంతా పీకే రాత్రి
నా నాలిక అడిగేది
ఇడ్లీని కాదు.

మిషారి పుట్టినరోజుకి మూడంతస్తుల కేకు తెచ్చినారు.
పైన చక్కెర గుర్రం, దానికి బంగారు జీను.
మర్సటి దినం గుర్రం ఏం రంగని అడిగితే
తెల్లమొకమేసినాడు.
కుండ అడుగున మాడుచెక్క ఏ పక్క మందమో
అది మాత్రం చూడకుండా చెప్తాడు.

చిట్వేలిలో నా కూతురు జోషితకి ఆరేండ్లు.
కార్గో పెట్టె చేరిన దినం
దుప్పట్లు, సబ్బులు, సెంటుసీసాలు పక్కకి తోసి
మూడుమూలల జున్ను డబ్బా కోసం
అడుగు దాకా దేవుతాదంట.
వెండికాగితం ఒలిచి, ఉడుకు సంగట్లో గుంత చేసి,
దాంట్లో పెట్టి, కరిగేదాకా కాచుకోనుంటాది.
ఫోన్లో చూపిస్తాది. "మా, చూడు, సాగతాంది."
రేపు పెండ్లయినాక ఎప్పుడో దిగులేసిన పూట
సంగట్లోకి జున్ను కావాలంటే
అత్తగారోళ్ళు నవ్వుతారు.
నవ్వనీ.

వీడు కూడా అంతే.
గడ్డం నెరిసినాక ఒక నడిరాత్రి
ఫ్రిజ్జు తలుపు తెరిచి, ఆ చల్లని వెలుగులో
ఏం వెతుకుతున్నాడో తెలీక నిలబడతాడు.
పుల్లగా ఉండాల. గొంతులో కొంచెం మండాల.
పెండ్లాము లేచొచ్చి టమాటా సూపు కాచిస్తాది.
మంచిదే, ఆయమ్మది తప్పేం లేదు.
ఒక గుటక తాగి
ఇది కాదంటాడు.

నా అకామా ఇంకో రెండేండ్లు.
ఓబులమ్మ అంటే వాని నోరు తిరగదు,
ఊబా అనే అంటాడు.
చారు మాత్రం, వాళ్ళ చాయ్‌లో చ ఉండబట్టేమో,
మావూరోళ్ళ మాదిరే పలుకుతాడు.

ఈ పొద్దు ఫోన్లో జోషితతో మాట్లాడతా
ఉప్పు రెండుసార్లు వేసినా.
పారబోద్దామని గిన్నె ఎత్తేలోపల
వాడొచ్చి రెండు చేతులా పట్టుకుని తాగేసినాడు.
మూతి చేత్తో తుడుచుకుని
"బఅద్, ఊబా" అన్నాడు. ఇంకా.

ఇంక వానికి
ఉప్పంటే ఇదే.