చిటికెన వేలి గోరు

మానిట్సోక్ చేపల ఫ్యాక్టరీలో
నా ఎదుటి బల్ల టుకుమ్మెక్‌ది.
హాలిబట్‌ని బోర్లించి, వెన్నుముల్లు పక్కన కత్తి దించి
ఒక్క లాగులో బద్ద తీస్తుంది.
నాకు రెండు లాగులు కావాలి.
ఇరవై రెండేళ్లుగా రెండే.

ఆమె మా గ్రీన్‌ల్యాండ్ హ్యాండ్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు.
ఇక్కడ చేతులకి ఊలు తొడుగులు, వాటి మీద రబ్బరు తొడుగులు.
అక్కడ వట్టి చేతులు.
"అక్కడే వెచ్చగా ఉంటుందక్కా" అంటుంది.

ఆ రోజు నూక్ హాల్లో కెనడాతో ఆఖరి ఆట.
ప్రపంచ పోటీలకి ఉన్నది ఒక్కటే చోటు.
మూడింటికే చీకటి పడింది.
మేస్త్రీ ఇసాక్, నవ్వడం ఎరగని మనిషి,
తనే వెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కి బెల్టు ఆపేశాడు.
మంచు మీద చేపలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి,
టీవీ ముందు మేమూ అంతే.

ఒక్క గోలు మాది ఎక్కువ.
గడియారం అయిపోయింది, పెనాల్టీ మిగిలింది.
ఏడు మీటర్ల దూరంలో ఒక పొడుగాటి పిల్ల,
బంతి చేతిలోంచి పోవడం కనబడలేదు,
ఠంగుమన్న చప్పుడు మాత్రం వినబడింది.

రేవులో పడవలన్నీ ఒకేసారి కూత పెట్టాయి.
ఇసాక్ నన్ను వాటేసుకుని, వెంటనే వదిలేసి,
బెల్టు మళ్లీ వేశాడు.

టీవీలో అన్నారు: అదృష్టం, స్తంభం కాపాడింది.
పేపర్లో వేశారు: ఆమె ఆపినవి పదకొండు.

సోమవారం పొద్దున తన బల్ల దగ్గరే ఉంది.
అటూ ఇటూ చూసి కుడిచేతి తొడుగు లాగింది.
చిటికెన వేలి గోరు
నేరేడు పండు రంగులో.
"తగిలిందా?"
"కొసకి. ఊరికే కొసకి."
"మరి చెప్పవేం?"
"పోనీలే అక్కా, స్తంభం కూడా నిలబడింది కదా ఆటంతా."

తర్వాత ప్రపంచ పోటీలకి వెళ్లారు.
మూడు ఆటలూ ఓడారు, ఒకటి ఘోరంగా.
అయినా మా ఊరు ఇంటింటా కాఫీ కాచింది,
కేకులు చాలక నేను బిస్కెట్లు పెట్టాను.
ఆమె మా సోఫా మీద కూర్చునే నిద్రపోయింది.

గోరు కింద కొత్త గోరు
చలికాలమంతా నెమ్మదిగా నెట్టుకొచ్చింది నలుపుని.
ఏప్రిల్‌లో ఒకరోజు కత్తి మొనతో
ఆఖరి నల్లంచు గీసి పారేసింది.
పొలుసుల్లో పడింది, బెల్టు తీసుకుపోయింది.
చేప వైపు తిరిగింది మళ్లీ. ఒక్క లాగు.

ఎక్కడో ఒక కాగితం మీద పదకొండనే ఉంటుంది.
ఉండనీ.
నేను లెక్కపెట్టినప్పుడు
ముందుగా చిటికెన వేలు మడుస్తాను.
పన్నెండు.