ఎర

మురీ మిక్చర్ పొట్లం విప్పకముందే మొదలైంది గొడవ.
సబ్‌మెరైన్ మ్యూజియం ఎదుట గట్టు మీద నలుగురం.
రాత్రే అయిపోయింది సిరీస్,
నాలుగో సీజన్, ఆఖరి భాగం.
హార్బరు పోలీసూ గజ ఈతగాడూ
నాలుగేళ్లు ఒకే గ్లాసులో టీ తాగి
చివరి పది నిమిషాల్లో
ఒకడికి పెళ్లి, ఒకడికి బదిలీ.

"ఎర వేశారు" అంది అలివేణి.
"ట్రైలర్లో చెయ్యి మీద చెయ్యి మూడుసార్లు చూపించి
తీరా చూస్తే అది తాడందుకోవడం!
ఆశపడేవాళ్ల కళ్లు కావాలి,
వాళ్ల కథ అక్కర్లేదు."

గౌరీశు ఒప్పుకోడు.
"నోటితో చెబితేనే ఉన్నట్టా?
రెండో సీజన్లో వాడి తడి చొక్కా పిండి
బొత్తాలు పెట్టి మరీ ఆరేశాడు వీడు.
ఊరికే స్నేహితుడికి
ఎవడు చేస్తాడలాగ?"

బొత్తాల దగ్గర నేను నవ్వాను.
ఎందుకో ఎవరూ అడగలేదు.

ఎదురుగా ఆ జలాంతర్గామి.
ఒకప్పుడు ఎవరికంటా పడకుండా తిరిగింది,
ఇప్పుడు టిక్కెట్టు కొంటే పొట్టలోకి రానిస్తారు.
లోపల ఊపిరి బిగబట్టి బతికినవాళ్ల చోట
బొమ్మలు నిలబెట్టారు.

ఎల్లాజీ అంతవరకూ మాటాడలేదు.
వాళ్లది పెదజాలారిపేట, నాన్నకి బోటుంది.
"ఎరకీ మేతకీ తేడా తెల్దేటి మీకు?
రెండూ తింటాది చేప.
ఒకదాన్లో గేలం ఉంటాది, అంతే.
మింగేదాకా తెల్దు."
పల్లీలు ఏరుకుంటూ మళ్ళీ తనే,
"తెలిసినా తింటాదనుకో, ఆకలేస్తే."

పదిహేనేళ్లప్పుడు, రైల్వే క్వార్టర్లో,
దుప్పట్లో ఫోను పెట్టుకుని చూశాను మొదటి భాగం.
ఈతగాడు నీళ్లలోంచి లేచి
పోలీసు వైపు చూస్తాడు.
మాట లేదు, పాట లేదు.
వెనక్కి జరిపి పదకొండుసార్లు చూశాను.
రాసినవాడు కావాలనే పెట్టాడో
కెమెరా ఆపడం మర్చిపోయారో గానీ
ఆ చూపు నాకు తెలుసు.
బడి కొళాయి దగ్గర
పద్మలత సీసా నిండి పొర్లిపోతుంటే
నేను చెప్పకుండా నిలబడ్డ చూపు అది.
నా ఒక్కదానిదే అనుకున్నాను అప్పటిదాకా.

"ఐదో సీజన్ తీస్తారట" అన్నాడు గౌరీశు.
"చూడను" అంది అలివేణి.
"నేనూ చూడను" అన్నాను.

నాలుక మీద ఉప్పు.
మిక్చర్‌దో, గాలిదో.
కొంచెం ఇనుము రుచి కూడా.