నాలుగు సెకన్ల కిందటి చుక్క

మద్దిలపాలెంలో టిఫిన్ సెంటర్ మీద మా ఆఫీసు.
ఇడ్లీ పాత్ర ఆవిరి మెట్లెక్కి వస్తుంది.
పైన మేం పదంతస్తుల ఇనపమనిషిని పెంచుతున్నాం.
నడుం దగ్గర లావు,
అందుకని వాడి పేరు రోలు.

మొదట్లో రోలుకి అన్నీ కనపడేవి.
యారాడ కొండ వెనక నక్కిన శత్రువు కూడా
తెర మూలన ఎర్రచుక్కై వెలిగేవాడు.
మధ్యలో కొండ ఉందన్న సంగతి
రాడార్‌కి ఎవరూ చెప్పలేదు.
చెప్పాల్సింది నేనే. సెన్సార్ల కోడు నాది.

ఫిషింగ్ హార్బర్‌లో తెడ్డు పరదేశి
బోట్ల రాడార్లు బాగుచేస్తాడు.
చెవి మీద పెన్సిలు, వేళ్ళ మీద సోల్డరు మచ్చలు.
గేమ్ చూపించాను. చాలాసేపు చూసి
"ఒలమ్మా, మీ ఊర్లో వాన పడదేటి?" అన్నాడు.

ఆ రాత్రే వాన రాశాను.
తెర మీద నూకలు ఒలికినట్టు పడింది.
కెరటాలు రాశాను.
ప్రతి కెరటమూ నేనూ శత్రువునే అని చెయ్యెత్తింది.
గెయిన్ తగ్గిస్తే కెరటాలతో పాటు శత్రువూ పోయాడు,
పెంచితే సముద్రమంతా సైన్యం.

కొండకి నీడ ఇచ్చాను.
ఎండ నీడ కాదు,
రాడార్ ఎటు నిలబడితే దానికి అవతల పడేది,
అర్ధరాత్రి కూడా పడేది.
డాల్ఫిన్స్ నోస్ వెనక ఊరంత చీకటి పుట్టింది,
పైన లైట్‌హౌస్ తిరుగుతూనే ఉంది.

వేడి కూడా రాశాను.
నడిస్తే వేడి, పేలిస్తే ఇంకా వేడి.
మే నెల మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద
రోలుకీ తారుకీ తేడా తెలీదు.
తెల్లారగట్ల
పొయ్యిలోంచి తీసిన అట్లకాడలా కనపడిపోతాడు.

పరదేశి టీ గ్లాసు తిప్పుతూ ఇంకోటి చెప్పాడు.
"సీకట్లో టార్చి ఏసినోడు పది గజాలు సూత్తాడు.
ఆడ్ని పది మైళ్ళోడు సూత్తాడు."

శుక్రవారం టెస్టింగ్.
మా ప్రభంజన్ గారు రాడార్ వేసుకుని
ఊరంతా ఊరేగారు.
గాజువాక నుంచి వచ్చే షరీఫా, పంతొమ్మిదేళ్ళది,
తన రోలుని లాసన్స్ బే నీళ్ళలో
నడుంలోతు దించింది. ఇంజను చల్లారింది.
రాడార్ ఆపేసింది. ఊరుకుంది.
కదలని వాటిని ప్రభంజన్ రాడార్
కొండల కింద లెక్క కట్టి వదిలేస్తుంది.
ఆ పిల్ల పదకొండు నిమిషాలు కొండై నిలబడింది.
వచ్చే కేకల్ని మాత్రం వింటూ.
రెండు టీలు చల్లారాయి.

చివర్లో ఒక్కసారి, ఒక్క స్వీప్ చూసుకుని,
ఒకటే పేల్చింది.
చుక్క మీద కాదు. చుక్కకి ముందు, ఖాళీలో.

"నాకు కనపడలేదు, ఇది అన్యాయం" అన్నారు ప్రభంజన్.
"పదకొండు నిమిషాలు ఎవడు నిలబడతాడమ్మా?"
"నేను నిలబడ్డాను కద్సార్" అంది షరీఫా,
చల్లారిన టీ తాగేస్తూ.

సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టమన్నారు,
నొక్కితే అన్నీ కనపడేలా.
పెట్టాను. దానికేం పేరు రాయాలో
ఇంకా తేలలేదు.

సాయంత్రం హార్బర్‌కెళ్తే
పరదేశి రేకుల కప్పు మీద పాత యాంటెన్నా తిరుగుతోంది.
బీటలిచ్చిన తెర మీద చిన్న మరక.
దాని మీద వేలు పెట్టి,
తల తిప్పకుండానే,
"ఇది మా బావమరిది బోటు. ఇక్కడ లేదిప్పుడు" అన్నాడు.

గుమ్మంలోంచి చూశాను.
మరక ఇంకా గేటు బయటే ఉంది.
బోటు లోపలికొచ్చేసింది,
ఎవరో తాడు విసురుతున్నారు.