నత్తగుల్లకి అద్దె

బ్రాడీపేటలో నాదో చిన్న స్టూడియో.
ఇరవై రెండేళ్ళు పెళ్ళిళ్ళు తీసి తీసి
"కొంచెం నవ్వండి" తప్ప
మనుషులతో ఇంకో మాట రాకుండా పోయింది.

ఓ ఆదివారం రేపల్లె బస్సెక్కాను.
నిజాంపట్నం దాటి, మడ అడవి దాటి,
పోటుకి మునిగి పాటుకి తేలే దిబ్బ ఒకటుంది.
మ్యాపులో దానికి పేరు లేదు.
పడవలో తీసుకెళ్ళిన మానికల పోలమ్మ మాత్రం
"మా దొడ్డి" అంటుంది దాన్ని.

మోకాళ్ళ దాకా బురద.
ఓ డెక్క చిన్నది, ఓ డెక్క ఒంటికి మించింది,
ఎర్రపీత ఒకటి బొరియ గుమ్మంలో నిలబడి
రమ్మంటోందో, పొమ్మంటోందో.
"కొంచెం నవ్వండి" అన్నాను, అలవాటు.
పోలమ్మ నవ్వింది.
పీత లోపలికి పోయింది.

చివికిన పడవచెక్క తిరగేస్తే
కింద ఓ వాడంతా ఉంది:
గోరంత పీతలు, గాజుముక్కల్లాంటి రొయ్యపిల్లలు,
తడిని పట్టుకుని నిద్రపోతున్న నత్తలు.
తొమ్మిది ఫొటోలు కొట్టి ముందుకు నడిచాను.
వెనక్కి చూస్తే ఆవిడ వంగి
పప్పుగిన్నె మీద మూత పెట్టినంత మామూలుగా
చెక్కని బోర్లిస్తోంది.
"కప్పు లేపిన ఇల్లు ఈ ఎండకి ఎంతసేపు ఆగుద్దయ్యా?"

బుట్టలో పీతల్ని ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పి చూస్తుంది.
పొట్ట కింద గుడ్లుంటే నీళ్ళకి.
అరచేతికి తక్కువైనా నీళ్ళకే.
"గుడ్లపీతకి హోటలోళ్ళు ఎక్కువిస్తారంటగా?"
"ఇస్తారు.
ఒక్కసారే ఇస్తారు."

తిరిగొచ్చేటప్పుడు నా జేబు తట్టింది.
ఓ నత్తగుల్ల. అమ్మాయికని తీశాను.
"ఖాళీదేగా పోలమ్మా."
"ఖాళీగా ఉందంటే ఎవరో వెతుక్కుంటున్నారనీ.
ఒళ్ళు పెరిగిన పీత, పాతిల్లు ఇరుకై
ఈ గట్టంతా తిరుగుద్ది ఇట్టాంటిదాని కోసం."

తడి ఇసుకలో పెట్టాను,
మూతి పైకుండేలా.
కాసేపు కాచుకున్నాను.
ఎవరూ రాలేదు.
పోటు మొదలైంది, పడవెక్కాం.

రాత్రి బస్సు దిగి నడుస్తుంటే
మా వీధిలో గేటు గేటుకీ టు-లెట్ బోర్డు.
ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నవే.
ఎవరో వెతుక్కుంటూ ఉంటారని
ఆ రాత్రే తోచింది.

పీతల ఫొటోలన్నీ మసక.
నిలిచింది ఒక్కటే:
వంగిన వీపు, రెండు చేతులు, ఓ చెక్క.
పెళ్ళికూతుళ్ళ మధ్య గోడకి తగిలించాను.
"ఇదేం ఫంక్షనండీ?" అంటారు వచ్చినవాళ్ళు.
గృహప్రవేశం అంటాను.
ఇంకా అడిగితే చెప్పడం రాదు.

కెమెరా బ్యాగు దులిపినప్పుడల్లా
ఇంకా కాస్త ఇసుక రాలుతోంది.
ఊడ్చి, ఫిల్ము డబ్బాలో పోసి ఉంచాను.
ఈసారి వెళ్ళినప్పుడు
ఇచ్చెయ్యాలి.