మోకాటి లోతు

సేటూ, గుర్రాల లెక్క తర్వాత చెప్పు.
ముందు మా చెరువు లోతడుగు.
తూము కాడ నిలువెత్తు,
మిగిలిందంతా మోకాటి మట్టు,
ఎండాకాలమైతే పిక్కలు తడిస్తే గొప్ప.

పరకాల బస్సెక్కి పొద్దుగాల్నే వరంగల్ల దిగిన.
సంచిల సొసైటీ పైసలున్నయి,
ముప్పై ఒక్కమంది సంతకాలున్నయి,
అండ్ల పదకొండు వేలిముద్రలు.
గా ఎర్ర మోటరు మంచిగనే ఉన్నది,
గోదావరిల ఉరుకుతది కావొచ్చు.
మావి ఉరికే నీళ్లు కావు.

పోయినేడు గసొంటిదే తెచ్చినం.
రంగు చూసి తెచ్చినం, అబద్ధమెందుకు.
కట్ట మీద కొబ్బరికాయ కొట్టినం,
ఓదెలు తాడు గుంజిండు,
పడవ పది బారలు పోయింది.
అంతే.
గుర్రపుడెక్క రెక్కకు చుట్టుకున్నది
జడకు సవరం అల్లినట్టు.
దాని కింద నాచు, నాచు కింద తామరతూడు,
తూడు కింద బురద,
బురదల ఎవలో ఇడిచిపోయిన వల.
ఓదెలు కొడవలి పట్టుకొని దిగిండు,
మాపటిదాక కోసిండు.
రెక్క తేలింది, పిన్ను ఇరిగింది.
పిన్ను హైదరాబాదుల దొరుకుతదన్నరు,
హైదరాబాదుకు పోతే చెన్నైల అన్నరు.
ఇప్పుడా మోటరు సొసైటీ రూముల
గోనెసంచి కప్పుకొని
జరమొచ్చినట్టు పండుకున్నది.

బ్యాటరీదా? చప్పుడుండదు, ఒప్పుకుంట.
బరువెంత?
గంత బరువెక్కితే నేను దిగాలె,
నేను దిగినంక పడవ నడిపేదెవలు?

మూలకున్నది గదేంది?
గడ్డి కోసే మిషన్ లెక్క,
పొడుగు పైపు, కొసకు గింతంత రెక్క.
ఎత్తి చూపియ్యి.
బర్రె తోక లేపినట్టు లేస్తదా?
నీళ్ల మీదనే పక్కకు వంగి తిరుగుతదా?
నాచు చుట్టుకుంటే
కూసున్నకాన్నే పైకి గుంజి దులపొచ్చా?
బోల్టు మా సైకిల్ షాపుల దొరుకుతదా?
పెద్ద పెద్దయి అడుగుతలేను సేటూ,
గివ్వే అడుగుతున్న.

సరే, దీన్నే కట్టు.

ఇది కూడ అన్ని దిక్కుల పోదు, తెలుసు.
అవతలి ఒడ్డుకు తుంగ ఉన్నది,
వానలు పడంగనే అండ్ల కొర్రమట్ట పిల్లలు పెడుతది.
ఎర్రటి పిల్లలు,
ఎవలో నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు
ఒక్క గుంపుగ తిరుగుతయి,
కింద తల్లి కండ్లార్పకుంట కాపలా.
తుంగకు నలభై అడుగుల ఇవతలనే
మా నాయిన ఊపిరి గూడ మెల్లగ ఇడిచేటోడు.
వెదురుగడ ఆనిచ్చి,
పడవను పక్కకు తిప్పి,
ఆ తల్లికి మొఖం చూపియ్యకుంట మళ్లొచ్చేటోడు.
గా నలభై అడుగులకు నీ షాపుల ఏమున్నది?
నవ్వుతున్నవా. నవ్వు.
గడ నా దగ్గరున్నది,
నాయిన చెయ్యి పట్టిన కాడ నున్నగైంది.

బిల్లు రాయి, సొసైటీ పేరు మీద.
తెచ్చినోని పేరు పిట్టల రాయలింగు.
రెండు వందలన్న తగ్గించు సేటూ,
బస్సు టాపు మీద ఏస్తే
కండక్టరు దీనికి గూడ టికెటు కొడుతడు.