షట్టరింగ్ పలక

సల్మాబాద్ క్యాంపుల, పద్నాలుగో నంబరు రూముల
నాలుగు మంచాలు, ఒక ఫోను, ఒక గీతల పలక.
పోశెట్టి షట్టరింగ్ కార్పెంటరు గదా,
కోయంగ మిగిలిన ప్లైవుడ్ ముక్క తెచ్చి
చెవి మీది పెన్సిల్ తీసి గడులు కొట్టిండు:
ఆడినవి, గెలిచినవి, సమానం, ఓడినవి,
ఆఖరి గడిల పాయింట్లు.

క్లబ్బుల పేర్లకు నోరు తిరగక
అంగీల రంగు చూసి తనే పేర్లు పెట్టిండు.
ఎర్రోళ్లు. నీలోళ్లు. చారలోళ్లు.
యాడనో మంచు కురిసే ఊరోళ్లు, మంచోళ్లు.
మంచోళ్లది ఎప్పుడూ నాలుగో వరుసే.
"పేరు పెట్టినప్పుడే అనుకున్న" అంటడు.

రాత్రి పదకొండుకు ఆట. నాలుగున్నరకు బస్సు.
అబూబక్కర్ నడుమల నిద్రపోతడు,
గోల్ పడితే లేస్తడు, ఎవరేసిండ్రో అడగడు.
దిల్ బహదూర్ గోల్స్ తేడా వేళ్ల మీద లెక్కగడతడు,
జీతం రోజు మారకం రేటు చూసినంత పట్టుగ.

పోశెట్టికి నచ్చింది గోల్స్ కాదు, పద్ధతి.
నలుగురు. ఒక్కొక్కలతోటి రెండుసార్లు.
ఒకసారి వాళ్ల గడ్డ మీద, ఒకసారి మన గడ్డ మీద.
"వాళ్లింట్ల ఓడితే ఓడినం,
వాళ్లు మనింటికి రావాల్సిందే. రూలు."
ఈ మాట అన్నప్పుడల్లా ఫోర్‌మన్ రూము దిక్కు చూస్తడు.
పదకొండేండ్ల సంది ఆయన ఆడేటివన్నీ అవతలి గడ్డ మీదివే.
ఫోర్‌మన్ మల్లాపూర్‌కు వచ్చి, పాస్‌పోర్టు చేతికిచ్చి,
ఎండల నిలబడి "రేపొక్కరోజు సెలవు" అని అడిగే ఆట
ఏ క్యాలెండర్ల పడలే.

మూడోటోళ్లకు చిన్న కప్పు ఉంటదంటే నవ్విండు.
ఆయనకు కప్పంటే స్లాబే.
"చిన్న కప్పంటే బాత్రూం మీదిదా?"

తర్వాత పద్ధతి మార్చిండ్రు.
గుంపులు తీసేసిండ్రు. ముప్పై ఆరు జట్లు, ఒకటే పట్టిక,
ఎనిమిది ఆటలు, ఎనిమిదికి ఎనిమిది మంది వేరేటోళ్లు,
పోయి ఆడొచ్చినోనికి మనింటి బాకీ ఉండదు.
ఇరవై నాలుగు దాటినోళ్లకు చిన్న కప్పు గూడ లేదు,
సీదా ఇంటికే.
ఆ మాట కాడ పోశెట్టి పెన్సిల్ ఆగింది.
"ఇంటికి పోవుడంటే ఓడిపోవుడేనా?"
ఎవ్వలం మాట్లాడలే. అబూబక్కర్ గూడ మెలకువతోనే ఉన్నడు.

అదే నెల కంపెనీ రూములు ఖాళీ చేయించి
అందర్నీ ఒకటే షెడ్డుల ఏసింది.
మంచాలు లెక్కబెట్టిన. ముప్పై ఒకటి.
ఇంకో ఐదు వస్తయట.

సామాన్ల గడబిడల పలక సైటుకు పోయింది.
ఎవడో ఎరుగనోడు ఏడో అంతస్తుల పిల్లర్‌కు బిగించిండు.
కాంక్రీటు పోసి, తెల్లారి పలక ఊడబీకితే
పచ్చి సిమెంటు మీద పెన్సిల్ గీతలు, అద్దంల లెక్క.
పోశెట్టి సుత్తె కింద పెట్టి
అరబ్బీ చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదివిండు.
పాయింట్లు. ఓడినవి. సమానం. గెలిచినవి. ఆడినవి.
మంచోళ్లు నాలుగో వరుసలనే ఉన్నరు.

ప్లాస్టరోళ్లు వచ్చేది ఎల్లుండి.
ఆ రెండ్రోజులు ఆయన డబ్బా పట్టుకొని ఏడంతస్తులెక్కి
అక్కడ్నే అన్నం తిన్నడు.