ఆరూ పదకొండు

గ్లెనిస్ ముందే చెప్పింది:
కరపత్రంలో మూడే ఉండాలి.
మూడు దాటితే ఎవరూ చదవరు,
తగ్గితే నీ దగ్గర సరుకు లేదనుకుంటారు.
ముప్పై ఏళ్లు బడి ఆఫీసు నడిపిన మనిషి,
ఎదురు చెప్పడానికి ధైర్యం చాలలేదు.

నేను కళ్లు పరీక్ష చేసేదాన్ని.
పద్నాలుగేళ్లుగా క్లాఫ్టన్ మార్కెట్ వీధిలో
బేకరీ పక్క చీకటి గదిలో
ఈ ఊరి గడ్డాల్ని ఒక్కొక్కటిగా చట్రం మీద ఆనించి
అడుగుతూనే ఉన్నాను:
ఏది తేటగా ఉంది? ఒకటా... రెండా?
మళ్లీ చూడండి. ఒకటా... రెండా?
తొందర లేదు, తప్పు జవాబంటూ లేదు.

ఓట్లడగడానికి బయల్దేరాక తెలిసింది,
ఇన్నేళ్లూ వాళ్లు నాకు చదివి వినిపించింది
గోడ మీది అక్షరాలే అని.

మిల్ లేన్‌లో వాల్డెక్ తలుపు తీయకుండానే
కిటికీలోంచి రోడ్డు మీద గుంత చూపించాడు.
అందులో వాళ్లబ్బాయి సైకిలు చక్రమూ
ముందు పన్నూ ఒకేసారి పోయాయట.
జుబైదా గొంతు తగ్గించి చెప్పింది:
మార్కెట్లో మరుగుదొడ్లకి తాళం పడి ఆరేళ్లు,
సంత రోజున పొద్దున్నించీ టీ ముట్టనమ్మా.
చర్చి మెట్టదారిలో ఒక పెద్దాయన
బల్ల అడిగాడు, కూర్చునే బల్ల.
"పైన వద్దు. సగం దారిలో.
పైకెక్కేసినవాడికి బల్లెందుకు?"

ఒక ఇంటి కుక్క
కరపత్రంతో పాటు నా చూపుడు వేలు కూడా అడిగింది.
ఇంకొకామె ఏమీ అడగలేదు,
మీదే ఊరు అంది.
ఇదే అన్నాను.
కాదు, అసలు ఊరు?
బందరు. అక్కడ పోటీ చెయ్యడం లేదు.

చిట్టచివరి వీధిలో కీలీ.
వృద్ధాశ్రమం యూనిఫాం ఇంకా విప్పలేదు,
మెట్టు మీదే కూర్చుని బూట్లు లాగేస్తోంది.
లీడ్స్ రైలు ఆరూ పన్నెండుకి వస్తుంది.
పై కాలనీ బస్సు ఆరూ పదకొండుకి పోతుంది.
స్టేషన్ మెట్లు దిగుతూ రోజూ దాని వెనక దీపాలే చూస్తుందట.
"మీ గదిలో ఎరుపూ పచ్చా చూపిస్తారు కదా,
నాకు ఎరుపే తేటగా ఉంటుంది."
తర్వాతి బస్సుకి గంట.
గంటసేపు వాన. ఇక్కడ వానకి టైంటేబుల్ తప్పదు.

బస్సు కంపెనీకి రాశాను: రైలువాళ్లనడగండి.
రైలువాళ్లకి రాశాను: బస్సువాళ్లనడగండి.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు,
ఇక్కడ ఇద్దరూ పూజారులే.

"ఒక్క నిమిషం కావాలంటే నవ్వుతారు," అంది గ్లెనిస్.
"సమీకృత రవాణా విధానం అని రాద్దాం."
ఆ మాట కింద కీలీ నిలబడితే
తడవకుండా ఉంటుందా అని అడిగాను.
వంటగదిలో కాసేపు కెటిల్ ఒక్కటే మాట్లాడింది.

చివరికి అచ్చయినవి:
మరుగుదొడ్ల తాళం. సగం దారిలో బల్ల. ఒక్క నిమిషం.
గుంత పట్టలేదు.
వాల్డెక్‌కిచ్చిన కాగితం మీద మటుకు
పెన్నుతో నాలుగోది రాసిచ్చాను.

గురువారం చర్చి హాల్లో
దారానికి కట్టిన పెన్సిలు పట్టుకుని
వాళ్లు ఒంటరిగా నిలబడతారు.
ఒకటా, రెండా, ఆరుగురిలో ఎవరో.
అడగడానికి నేను పక్కనుండను.

నిన్న సాయంత్రం ఆరూ పదికి బస్సెక్కాను.
డ్రైవరు ముందు సంచీ తెరిచి
చిల్లర ఏరడం మొదలుపెట్టాను,
పెన్నీలు, రెండు పెన్నీలు, ఒకటి కిందపడింది,
వంగి వెతికాను, అద్దాలు సర్దుకున్నాను,
లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చాను.
అతను గడియారం చూశాడు, నన్ను చూశాడు,
కనపడటం లేదా అన్నాడు.
మెట్ల మీద బూట్ల చప్పుడు.

గ్లెనిస్ ఎన్నికల ఖర్చుల పట్టికలో ఎక్కించింది:
బస్సు, మూడు పౌన్లు.
ఎందుకనే గడిలో ఏం రాయాలో
ఇంకా తేలలేదు.